నీటి మీద రాత

మాట మీద నిలకడ లేనివాళ్ళ ప్రస్తావన వస్తే మన పెద్దవాళ్ళు, "వాడి మాటకేం, నీటి మీద రాత!" అని తేల్చేస్తారు. నీళ్ళ మీద వేలితో ఎంత ముచ్చటగా రాసినా వేలు తీసేలోపల చెరిగిపోతుందని కదా దాని అర్థం. అటువంటిది ఒక ప్రభుత్వం పూనుకుని ఏకంగా సముద్రం మీదే గీతలు గీసింది. ఒకటా రెండా, 124 చోట్ల! ఈ గీతకి అటుపక్క గాలం వేసుకోవచ్చు, ఇటుపక్క వెయ్యకూడదు అంది. గీత కంటికి కనబడదు. అలకి తెలియదు, చేపకి అంతకన్నా తెలియదు. మరి మనిషి మాత్రం దాని దగ్గర ఎందుకు ఆగుతాడు? అసలు ఆగాడా? ఆ కథే ఈ వారం మీతో చెప్పాలని కూర్చున్నాను.

కథ జరిగింది కాలిఫోర్నియాలో. మనవాళ్ళకి అదేం కొత్త చోటు కాదు. కూతురికో కోడలికో పురుడు పొయ్యడానికి వెళ్ళి ఆర్నెల్లు ఉండి వచ్చిన అమ్మలు ఇప్పుడు మన ప్రతి వీధిలోనూ ఉన్నారు. వాళ్ళని అడిగి చూడండి. సముద్రంలోకి చొచ్చుకుపోయిన పొడుగాటి వంతెన, దాని కటకటాలకి ఆనించిన గాలపు కర్రలు, పక్కన ఒక ప్లాస్టిక్ బక్కెట్టు, గంటలకొద్దీ నీళ్ళకేసి చూస్తూ నిలబడ్డ మనుషులు... ఈ దృశ్యం చూడకుండా తిరిగి వచ్చినవాళ్ళు తక్కువ. "వీళ్ళకి ఇంకేం పనీ పాటా లేదు కాబోలు" అని అనుకునే ఉంటారు.

జాలరి అనగానే మనకి వల, పడవ, సంసారం, అప్పు, అన్నీ కలిపి కళ్ళ ముందుకొస్తాయి. వీళ్ళు ఆ కోవలోకి రారు. వారమంతా ఆఫీసులోనో దుకాణంలోనో పనిచేసి, సెలవురోజున సరదాకి గాలం పట్టుకుని బయల్దేరేవాళ్ళు. కొందరు ఒడ్డునే నిలబడతారు. కొందరు టిక్కెట్టు కొనుక్కుని, పదిమందినీ ఎక్కించుకుపోయే పడవల్లో లోతు నీళ్ళకి వెళతారు. పట్టిన చేపని అమ్మడానికి వీల్లేదు. వండుకోవాలి, లేకపోతే వదిలెయ్యాలి. వల లేని వాళ్ళని జాలర్లనడానికి నాకు నోరు రావడం లేదు కనక, ఈ వ్యాసంలో వీళ్ళని గాలంవాళ్ళు అంటాను.

ఈ గాలంవాళ్ళకి అక్కడ చిన్న వంశచరిత్ర లాంటిది కూడా ఉంది. 1898లో కాటలీనా ద్వీపం దగ్గర చార్లెస్ ఫ్రెడరిక్ హోల్డర్ అనే రచయిత ఒక్క గాలపు కర్రతో 183 పౌన్ల ట్యూనా చేపని పట్టాడు. మన లెక్కలో 83 కిలోలు. అంటే ఆ చేప ఆయనతో సమంగా తూగి ఉంటుంది! ఆ ఉత్సాహంలో అదే సంవత్సరం అక్కడొక ట్యూనా క్లబ్బు పెట్టాడు. చేపలు ఎక్కువ పట్టడానికి పెట్టిన క్లబ్బు అనుకునేరు. లావుపాటి తాళ్ళతో ఎడాపెడా లాగేసి, తినగలిగినదానికన్నా ఎక్కువ పట్టి పారేసే అలవాటు మాన్పించడానికి పెట్టాడు. సన్నటి దారమే వాడాలి, తప్పించుకునే అవకాశం చేపకీ ఇవ్వాలి అన్నది వాళ్ళ నియమం. సరదాకీ ఒక హద్దుండాలని వాళ్ళకి వాళ్ళే పెట్టుకున్న కట్టుబాటన్నమాట. ఈ సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి, ముందుముందు పనికొస్తుంది.

సముద్రంలో కొంత చోటుని ఎవరూ ముట్టుకోకుండా ఉంచాలన్న ఆలోచన మాత్రం అక్కడ ఒక ఆడమనిషిది. ఆవిడ గురించి చదివినప్పటినుంచీ నాకు ఆవిడంటే వల్లమాలిన అభిమానం. పేరు జూలియా ప్లాట్. జంతుశాస్త్రం చదివి 1898లో జర్మనీలోని ఫ్రైబర్గ్‌లో డాక్టరేటు పుచ్చుకుంది. ఆ రోజుల్లో ఆడదానికి అంత చదువు చెప్పడమే గొప్పనుకున్నారు, ఇంక ఉద్యోగం కూడానా! ఏ విశ్వవిద్యాలయంలోనూ చోటు దొరక్క, కాలిఫోర్నియాలో మాంటెరే పక్కనున్న పసిఫిక్ గ్రోవ్ అనే చిన్న ఊరొచ్చి స్థిరపడింది. ఊరంటే సముద్రం, సముద్రమంటే ఊరు. పక్కనే చేపల్ని డబ్బాల్లోకెక్కించే ఫ్యాక్టరీల వీధి. జాన్ స్టయిన్‌బెక్ 1945లో రాసిన "కేనరీ రో" నవల ఆ వీధి గురించే.

ఒకసారి బీచికి వెళ్ళే దారికి ఎవరో అడ్డంగా తలుపు పెట్టి తాళం వేశారట. ఊళ్ళో మగపెద్దలందరూ గొంతు సవరించుకుంటూ కూర్చున్నారు. జూలియా ప్లాట్ గొడ్డలి పట్టుకెళ్ళి ఆ అడ్డు తీసేసింది. తీసేసి ఊరుకోలేదు, అక్కడొక బోర్డు కూడా పెట్టింది. కౌన్సిలువాళ్ళూ పోలీసులూ మగవాళ్ళు కదా, పాపం కాస్త పిరికివాళ్ళయి ఉంటారు, అందుకని ఈ పని నేనే చేశాను అని దాని సారాంశం! 1931లో ఆవిడ ఆ ఊరికి మేయరయింది. అప్పటికి వయస్సు 74. ఊరి ముందున్న నీళ్ళ మీద ఊరికే అధికారం ఉండేలా రాష్ట్ర శాసనసభ చేత చట్టం చేయించి, హాప్కిన్స్ పరిశోధనశాల ముందున్న సముద్రాన్ని జలచరాలకి అభయస్థానంగా ప్రకటించింది. పక్కనున్న ఫ్యాక్టరీల సార్డీన్ చేపలు తర్వాతి ఇరవై ఏళ్ళలో అయిపోయాయి, ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. ఆవిడ గీసిన గీత మాత్రం మిగిలింది.

అయితే ఒక్క జూలియా ప్లాట్‌తో 1,100 మైళ్ళ తీరం బాగుపడదు కదా. ఆ తర్వాత అరవై ఏళ్ళకి పైగా అక్కడో ముక్కా ఇక్కడో ముక్కా చొప్పున, ఎవరికి తోచినట్టు వాళ్ళు నీళ్ళని రక్షిత ప్రాంతాలన్నారు. పేరుకి చాలా ఉన్నాయి గానీ చేప నిజంగా నిశ్చింతగా ఉండగలిగే చోటు మొత్తం రాష్ట్రపు నీళ్ళలో ఒక్క శాతం కూడా లేదు.

చేపకి నిశ్చింత ఎందుకని అడగచ్చు మీరు. అక్కడి రాళ్ళ సందుల్లో కాపరం చేసే రాక్‌ఫిష్ అనే చేప సంగతి వింటే ఆ ప్రశ్న మళ్ళీ అడగరు. మన దగ్గర ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మర పడవలకీ మోటారు పడవలకీ సముద్రంలో వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టుకునే రోజులు కనక కాలానికి గీత గీసి, ఆ కాలాన్ని మూసేస్తారు. కొద్దికాలంలో ఎదిగి పిల్లలు పెట్టే చేపలకి అది మంచి మందే. రాక్‌ఫిష్ ధోరణి వేరు. వీటిలో కొన్ని జాతులు నూరేళ్ళు దాటి బతుకుతాయి. నింపాదిగా ఎదుగుతాయి. ఎదిగాక చాలా జాతులు తాము కుదురుకున్న రాయి వదిలి ఎక్కువ దూరం పోవు. గుడ్లు పెట్టవు, పిల్లల్నే కంటాయి. వీటికి రెండు నెలల సెలవు చాలదు, ఇల్లు కావాలి.

ఇంకో విశేషం ఆడవాళ్ళం మనం తప్పక తెలుసుకోవాల్సింది. సిందూరం రంగు రాక్‌ఫిష్ ఒకటుంది. 14 అంగుళాల తల్లి లక్షన్నర పిల్లల్ని కంటే, 24 అంగుళాల తల్లి 17 లక్షల పిల్లల్ని కంటుంది! పొడుగు రెండింతలైనా కాలేదు, సంతానం పదకొండింతలు దాటింది. అంతేకాదు, ఇదే కుటుంబంలోని నల్ల రాక్‌ఫిష్‌ని పరీక్షించిన శాస్త్రజ్ఞులు, వయస్సు మళ్ళిన తల్లి పిల్లలు మూడు రెట్లకి పైగా వేగంగా ఎదుగుతాయనీ, పస్తుని రెండు రెట్లకి పైగా ఓర్చుకుంటాయనీ 2004లో చెప్పారు. మన ఇళ్ళలో అమ్మమ్మలు ఎత్తిన పిల్లలు గట్టిగా ఉంటారంటారే, సముద్రంలోనూ అదే న్యాయం.

మరి గాలంవాడికి కావలసిందేమిటి? ఫోటో దిగడానికి అన్నిటికన్నా పెద్ద చేప! అంటే ఆ అమ్మమ్మే. పట్టి మళ్ళీ వదిలేస్తే సరిపోతుంది కదా అంటే, ఈ చేప విషయంలో అదీ అంత సుళువు కాదు. లోతులోంచి ఒక్కసారి పైకి లాగితే దాని లోపలున్న గాలితిత్తి ఉబ్బిపోతుంది. కనుగుడ్లు బయటికి పొడుచుకొస్తాయి. అలాగే నీళ్ళలోకి వదిలితే కిందికి దిగలేక తేలుతుంది, పక్షులు చూసుకుంటాయి మిగిలిన పని. బరువు కట్టి మళ్ళీ లోతుకి దింపే సాధనాలు తర్వాతికాలంలో వచ్చాయి గానీ, వెనకటివాళ్ళకి అవెక్కడివి! వలవేసే పెద్ద ఓడలు చేసిన నష్టం ముందు ఒక్కొక్క గాలంవాడు చేసేది గోరంతే. కాని లక్షల గోరంతలు కలిస్తే ఏమవుతుందో లెక్కల మేష్టారు చెప్పక్కర్లేదు.

ఈ సంగతి ముందుగా గుర్తించినవాళ్ళు కొందరు గాలంవాళ్ళే. సాంటా బార్బరా ఎదుట సముద్రంలో ఛానల్ దీవులున్నాయి. ఏళ్ళ తరబడి అక్కడ గాలం వేసిన పెద్దవాళ్ళకి చేప తగ్గిపోవడం తెలుస్తోంది. గాలం వెయ్యగానే తగిలే చోట గంటలు గడిచినా దారం కదలడం లేదు. 1998లో అలాంటి వాళ్ళు ఒక జట్టుగా వెళ్ళి, రాష్ట్రపు చేపల వేట కమిషన్ ముందు ఒక కోరిక పెట్టారు. ఈ దీవుల చుట్టూ తీరంలో అయిదో వంతుని, ఒక నాటికల్ మైలు దూరం వరకూ, మూసెయ్యండి అని! మా చేతులు కట్టెయ్యండి మహాప్రభో అని దొరతనాన్ని అడిగినవాళ్ళని మీరెక్కడైనా చూశారా? ఇందాక చెప్పిన ట్యూనా క్లబ్బు గుర్తుందా? అదే రక్తం.

అడిగినవాళ్ళు కొద్దిమంది, ఉలిక్కిపడ్డవాళ్ళు బోలెడుమంది. 1999 జులైలో 17 మందితో ఒక కమిటీ వేశారు. వలలవాళ్ళూ, గాలంవాళ్ళూ, నీళ్ళలో మునిగేవాళ్ళూ, పర్యావరణంవాళ్ళూ, అధికారులూ అందరూ ఒకే బల్ల చుట్టూ కూర్చున్నారు. శాస్త్రజ్ఞులొచ్చి, అయిదో వంతు ఏ మూలకి, నూటికి ముప్ఫై నుంచి యాభై వరకూ మూస్తేగాని లాభం లేదన్నారు. అయిదో వంతుకి గుండె రాయి చేసుకుని వచ్చినవాడితో సగం ఇమ్మంటే ఎలా ఉంటుంది? 2001 మే దాకా రెండేళ్ళు కూర్చున్నారు. సముద్రం బాగుండాలన్న మాట మీద అందరూ ఒకటే. ఎక్కడ గీత అన్న దగ్గర మాత్రం కలవలేదు. చివరికి కమిషనే తీర్మానం చేసి 2003 ఏప్రిల్‌లో గీతలు అమల్లోకి తెచ్చింది. తర్వాత కేంద్రప్రభుత్వపు నీళ్ళు కూడా చేర్చాక చూస్తే, మూతపడింది దీవుల చుట్టూ ఉన్న అభయారణ్యపు నీళ్ళలో సుమారు అయిదో వంతు! కొలిచే పద్ధతి వేరు కావచ్చు గానీ, గాలంవాళ్ళు అన్న అంకె చుట్టుపక్కలకే వచ్చి ఆగిందన్నమాట.

ఈలోగా 1999లోనే రాష్ట్రం మొత్తానికి కలిపి సముద్రజీవుల రక్షణ చట్టం చేశారు. ఆ అతుకుల బొంతని విప్పి, తీరం పొడుగునా ఒక పద్ధతి ప్రకారం మళ్ళీ కుట్టాలని దాని ఉద్దేశం. అసలు తమాషా అప్పుడు మొదలయింది. గీతలు గీసే పని శాస్త్రజ్ఞుల బృందానికి అప్పగించారు. వాళ్ళు చదువుకున్నవాళ్ళు, నిజాయితీపరులు. తమ పుస్తకాలూ లెక్కలూ ముందేసుకుని మ్యాపులు తయారుచేసి 2001లో ఊరూరా సభలు పెట్టి చూపించారు. జనం అగ్గిమీద గుగ్గిలమయ్యారు. "మా తాతల నాటినుంచి మేం వెళ్ళే చోటు మూసేముందు మమ్మల్ని ఒక్క మాటైనా అడగక్కర్లేదా?" అని గాలంవాళ్ళు సభలు హోరెత్తించారు. ఆ మ్యాపులు అటక ఎక్కాయి.

వాళ్ళ కోపం నాకు చాలా బాగా అర్థమయింది. ఎలాగంటారా? మన వంటిళ్ళు గుర్తుతెచ్చుకోండి. ప్లాను గీసినాయన మంచి ఇంజనీరే, పాస్ చేసినాయన పెద్ద ఆఫీసరే. ఇద్దరూ ఒక్కనాడు కూడా పప్పు తాలింపు పెట్టినవాళ్ళు కారు. అందుకే గట్టు మన మోచేతికన్నా పైనుంటుంది. స్విచ్చి కుళాయి పక్కనుంటుంది. గ్రైండరుకి చోటు గ్రైండరు కొన్నాక వెతుక్కోవాలి. కాయితం మీద చూస్తే ఆ ప్లానుకి వంక పెట్టలేరు. రోజుకి ఆరుగంటలు అందులో నిలబడే మనిషికి మాత్రం నడుం నొప్పి. నన్నడిగితే ఒక్క ఆదివారం చాలేది, ఇదంతా చెప్పడానికి. 2001లో కాలిఫోర్నియా తీరమంతా జరిగింది ఈ వంటింటి ప్లాను వ్యవహారమే.

రెండోసారి ఊరూరా జట్లు కట్టి అందరినీ అడుగుతూ మొదలుపెట్టారు, డబ్బు చాలక 2004 జనవరిలో ఆగిపోయింది. మూడోసారి, అదే ఏడు ఆగస్టులో, ప్రభుత్వమూ ఒక ప్రైవేటు ధర్మనిధీ చేతులు కలిపి మళ్ళీ మొదలెట్టారు. ఈసారి తీరాన్ని అయిదు ముక్కలు చేశారు. శాస్త్రజ్ఞులు సూత్రాలు మాత్రం చెప్పాలి. ఒక్కొక్క రక్షిత ప్రాంతం తీరం వెంట కనీసం 5 నుంచి 10 కిలోమీటర్లుండాలి, 10 నుంచి 20 అయితే మరీ మంచిది. ఒకదానికీ ఇంకొకదానికీ మధ్య 50 నుంచి 100 కిలోమీటర్లు మించకూడదు, అప్పుడే ఇక్కడి పిల్లచేప కొట్టుకుపోయి అక్కడ చేరగలుగుతుంది. పెన్సిలు మాత్రం ఆ తీరపు మనుషుల చేతికి ఇచ్చారు. దక్షిణ తీరానికి కూర్చున్న జట్టులో 64 మంది. అందులో గాలంవాళ్ళకీ, వాళ్ళని తీసుకెళ్ళే పడవలవాళ్ళకీ కుర్చీలున్నాయి.

అప్పుడు వాళ్ళకొక ధర్మసంకటం వచ్చిపడింది. గాలంవాడికి తన చోటు తన రహస్యం. మనం ఆవకాయ కొలతలు అందరికీ చెప్పినా చివరి చిటికెడు దాచుకుంటాం చూడండి, అలాగ. చెబితే అక్కడ చేపలున్నాయని తెలిసి మూసేస్తారేమో. చెప్పకపోతే అక్కడెవరూ రావడం లేదనుకుని మూసేస్తారేమో! ఈ పీటముడి విప్పడానికి ఎకోట్రస్ట్ అనే సంస్థ ఒక ఉపాయం చేసింది. ఒక్కొక్కళ్ళనే కూర్చోబెట్టి, "మీ చేతిలో నూరు పైసలున్నాయనుకోండి. మీరు వెళ్ళే చోట్ల మీద, ఏ చోటు మీకెంత ముఖ్యమో అన్ని పైసలు పెట్టండి" అని అడిగింది. ఎవరి మ్యాపు వాళ్ళదే, బయటపెట్టమని మాట ఇచ్చింది. అందరివీ కలిపిన మొత్తమే పైకొచ్చింది. నెలాఖరున ఉన్న వంద రూపాయల్ని పాలకింత, బస్సుకింత, మందులకింత అని సర్దే ఇల్లాలికి ఈ లెక్క చెప్పక్కర్లేదు. ఒక్క చోట పెట్టిన పైసా ఇంకో చోట తగ్గాల్సిందే.

అలా పైసలు పెట్టించాక గీతల్లో చిన్న చిన్న తెలివితేటలు కనిపించాయి. "ఇక్కడ మొత్తం బంద్" అన్న ఒక్క మాట పోయి, రకరకాల మాటలొచ్చాయి. కొన్నిచోట్ల ఎవరూ ఏదీ ముట్టుకోకూడదు. కొన్నిచోట్ల ఒడ్డున నిలబడి గాలం వేసుకోవచ్చు, పడవలో వెళ్ళి వెయ్యకూడదు. పాయింట్ సర్ దగ్గర ఒక భాగంలో సాల్మన్, ఆల్బకోర్ మాత్రం పట్టుకోవచ్చు. అవి పై నీళ్ళలో దేశాలు పట్టుకు తిరిగే చేపలు, వాటిని పడితే అడుగున కాపరముండే రాక్‌ఫిష్ జోలికి వెళ్ళినట్టు కాదు. జూలియా ప్లాట్ నీళ్ళు పూర్తిగా మూసే ఉంచారు, ఇప్పుడా రక్షిత ప్రాంతానికి ఆవిడ పేరే పెట్టారు. దానికి ఇటూ అటూ ఉన్న నీళ్ళలో మాత్రం సరదా గాలానికి చోటు మిగిల్చారు. దక్షిణాన పాలోస్ వెర్డెస్‌లో గాలంవాళ్ళు ప్రాణంగా చూసుకునే రాకీ పాయింట్ తెరిచి ఉంచి, మాలిబూలో పాయింట్ డ్యూమ్ మూశారు. ఒకరి కన్ను తుడిచారు, ఇంకొకరి కంట నీరు తెప్పించారు.

అందరూ చేతులు కలిపి పాటలు పాడారని నేను చెబితే అది కథ అవుతుంది. 2010 డిసెంబరులో దక్షిణ తీరపు గీతల మీద కమిషన్‌లో ముగ్గురు అవునన్నారు, ఇద్దరు కాదన్నారు. మరుసటి నెలలో గాలంవాళ్ళ సంఘాలు కోర్టుకెక్కాయి. ప్రైవేటు నిధి డబ్బుతో ప్రభుత్వం పని చెయ్యడమేమిటని మొదటినుంచీ వాళ్ళ అనుమానం. కోర్టు గీతలే సరైనవంది. కేసు ఓడిపోయిన వాళ్ళ బాధ ఊరికే తీసిపారేసేది కాదు. తండ్రి చెయ్యి పట్టుకుని మొదటి చేప పట్టిన రాయి దగ్గరికి ఇంక తన కొడుకుని తీసుకెళ్ళలేనంటే, ఆ చోటుకి బదులు ఇంకో చోటు చూపిస్తే తీరేదా అది? మనకి పుట్టిల్లు అమ్మేశారన్న కబురు ఎలా ఉంటుందో అలాగే ఉంటుంది.

ఉత్తర తీరం వాళ్ళు మిగతావాళ్ళని చూసి నేర్చుకున్నారేమో, వేరే దారి పట్టారు. తెగలవాళ్ళు అక్కడ తరతరాలుగా నాచూ చేపలూ ఏరుకు తింటున్నారు. మా తాతల సముద్రంలో మాకే గీతలా అని 2010లో వాళ్ళు గట్టిగా నిలదీశారు. చివరికి గాలంవాళ్ళూ, వలలవాళ్ళూ, తెగలవాళ్ళూ, పర్యావరణంవాళ్ళూ అందరూ కలిసి ఒకే ఒక్క మ్యాపు తయారుచేసి కమిషన్ చేతిలో పెట్టారు. 2012 డిసెంబరు 19న ఆ గీతలు కూడా అమల్లోకి రావడంతో మొత్తం 124 అయ్యాయి. రాష్ట్రపు నీళ్ళలో నూటికి పదహారు పాళ్ళు.

గీత గీసేస్తే అయిపోయిందా? లోపల చేప పెరిగిందో లేదో ఎవరు చూడాలి? ఇక్కడే నాకు ఈ కథ మీద మనసు పడింది. 2007లో మధ్య తీరం మూసినప్పుడు అక్కడి సాగర పరిశోధకులు గాలంవాళ్ళనే పిలిచారు. వాళ్ళు రోజూ వెళ్ళే సరదా పడవల్నే అద్దెకి తీసుకున్నారు. మూసిన నీళ్ళలో కొన్నిసార్లు, తెరిచిన నీళ్ళలో కొన్నిసార్లు, అంతే సేపు, అదే పద్ధతిలో గాలం వెయ్యమన్నారు. పట్టిన ప్రతి చేపనీ కొలిచి, గుర్తుబిళ్ళ తగిలించి, జాగ్రత్తగా మళ్ళీ వదిలెయ్యాలి. జీతం లేదు, కూరకి చేపా లేదు. అయినా వచ్చారు. ఏటేటా వచ్చారు. 2017 నుంచి ఆ పని రాష్ట్రమంతా పాకింది. పదేళ్ళ లెక్కలు తీసి 2022లో సమీక్షించినప్పుడు, చాలాచోట్ల గీత లోపలి చేపలు బయటి చేపలకన్నా పెద్దవిగానూ ఎక్కువగానూ ఉన్నాయని తేలింది. అన్నిచోట్లా ఒకేలా లేదు. బయట వేట ఎక్కువగా ఉన్నచోట తేడా బాగా తెలుస్తోంది.

ఇంకో సంగతి. ఇలా ఎక్కువ ఏళ్ళుగా వస్తున్న గాలంవాళ్ళ అభిప్రాయాలు అడిగి చూస్తే, మూసిన నీళ్ళ మీద వాళ్ళకి మంచి అభిప్రాయమే పెరిగిందని తేలింది. ఉపన్యాసాలు విని మారలేదు వాళ్ళు. మూసిన నీళ్ళలో తమ గాలానికి తగిలిన అమ్మమ్మ చేపని తమ చేతులతో కొలిచి, తమ చేతులతోనే వదిలారు. అంతకన్నా సాక్ష్యం ఎవరికి కావాలి? దొంగచాటుగా గీత దాటేవాళ్ళు లేరని కాదు, ఉన్నారు, జరిమానాలు కడుతున్నారు. కాని వాళ్ళని చూసి "ఇది మనం గీసుకున్న గీత కదరా" అనగలిగే మనిషి అదే పడవలో ఇంకొకడుంటే, వంద మంది కాపలావాళ్ళ పెట్టు.

ఇంత చెప్పాక నా మనసులో ఒక ముల్లు మిగిలే ఉంది. మొదట్లో చెప్పిన వంతెన మీది మనుషులు. కాలిఫోర్నియాలో సముద్రపు పబ్లిక్ వంతెనల మీద గాలం వెయ్యడానికి లైసెన్సు అక్కర్లేదు. అందుకని అక్కడికి డబ్బు లేనివాళ్ళూ, దేశం కాని దేశం నుంచి వచ్చినవాళ్ళూ ఎక్కువగా చేరతారు. చట్టం లెక్కలో వాళ్ళదీ సరదానే. వాళ్ళలో కొందరికి ఆ బక్కెట్టులో పడేదే రాత్రి కూర. వాళ్ళకి క్లబ్బు లేదు, వకీలు లేడు, ఇంగ్లీషు అంతంతమాత్రం. 64 కుర్చీలేసినా వాళ్ళ కుర్చీలో వాళ్ళే కూర్చుని మాట్లాడగలిగినవాళ్ళు ఎంతమంది ఉంటారు? పగలంతా కూలికి పోయే మనిషి, మ్యాపుల మీటింగులో రోజంతా కూర్చోవాలంటే ఆ పూట జీతం ఎవరిస్తారు?

మీటింగుకి రావలసిందిగా అందరినీ పిలిచామని దండోరా వేస్తే సరిపోదు. రాలేనివాడి దగ్గరికి మ్యాపు పట్టుకుని వెళ్ళాలి. అతని బక్కెట్టు పక్కన కూర్చుని, నూరు పైసలు అతని చేతిలో కూడా పెట్టి, "ఎక్కడ పెడతావు బాబూ?" అని అడగాలి. అడిగాక గీసిన గీత ఎంత వంకరగా ఉన్నా, అలలకి అది చెరగదు.